పాసైన పిల్లలే మన పిల్లలా?



ఈ నెల ఒక తప్పు ఒప్పుకొని మాట మొదలుపెడుతున్నాను. ఆ తప్పు నాదే.

పదో తరగతి ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం, ఆరాధన ముగిసే ముందు, పాసైన పిల్లల పేర్లు మార్కులతో సహా చదివాను. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి పెన్ను బహూకరించాము. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఫోటో కూడా తీయించాము. ఆ రోజు మైకు సరిగా పలకాలని పొద్దున్నే వచ్చి వైర్లు సరిచేసిన కుర్రవాడు మాత్రం ఆ వరుసలో లేడు. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మూడింటిలోనూ తప్పాడు. చప్పట్లు మోగుతుండగా పక్క తలుపు గుండా వెళ్లిపోయాడని తరువాత తెలిసింది.

రెండు వారాలు ఆ ఇంటివారెవరూ మందిరానికి రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను. తల్లి మంచినీళ్లిచ్చి, తల వంచుకునే అడిగింది: "అయ్యగారూ, పాసైన పిల్లలేనాండీ మన సంఘం పిల్లలు?"

నా దగ్గర జవాబు లేదు. తప్పిపోయిన ఒక్క గొఱ్ఱె కోసం తొంభైతొమ్మిదింటిని విడిచి వెళ్లిన కాపరిని గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఆ ఆదివారం నేను చేసింది దానికి తలక్రిందుల పని. మందలో ఉన్న తొంభైతొమ్మిదింటికీ పెన్నులు పంచాను.

ఆ బాధలో ఉన్నప్పుడే ఇటలీ దేశపు ఒక క్యాథలిక్ ఫాదరు గారి సంగతి చదివాను. ఆయన పేరు లొరెంజో మిలానీ. 1923లో ఫ్లోరెన్సు నగరంలో కలిగిన కుటుంబంలో పుట్టారు. 1947లో గురుపట్టం పొందారు. 1954 డిసెంబరులో ఆయనను బార్బియానా అనే కొండ ప్రాంతానికి పంపారు. కొండ మీద ఒక గుడి, విసిరేసినట్టు అక్కడొకటి ఇక్కడొకటి రైతుల ఇళ్లు. సరైన రోడ్డు లేదు, కరెంటు లేదు. అక్కడి పిల్లల్లో చాలామంది బడిలో తప్పి, చదువు మాని, పొలం పనికో పశువుల వెంటో పోయేవారు. మిలానీ గారు గుడికి చేరిన తన ఇంట్లోనే వాళ్లకు బడి పెట్టారు.

ఆ బడి పద్ధతులు వినదగ్గవి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. ఒకరికి పాఠం అర్థం కాకపోతే, అర్థమయ్యేవరకు మిగతావాళ్లు ఆగేవారు. వెనుకబడినవాడే ఆ తరగతికి ముఖ్యుడు. ప్రతి రోజూ వార్తాపత్రిక గట్టిగా చదివి, తెలియని ప్రతి మాటనూ విడమరచి మాట్లాడుకునేవారు. వడ్రంగం నేర్చుకునేవారు. కొండ పిల్లలకు నీళ్లంటే భయమని, ఆ భయం పోవడానికి తామే ఒక చిన్న ఈతకొలను కట్టుకున్నారు. పిల్లవాడికి ఏమి కావాలో చూసి, అదే పాఠ్యాంశంగా చేశారు.

ఆ బడి గోడ మీద ఇంగ్లీషులో రెండు మాటలు రాసి ఉండేవి: "ఐ కేర్". మన తెలుగులో చెప్పాలంటే "నాకు పట్టింది" అని. అంతకు ముందు ఇటలీని ఏలిన ఫాసిస్టుల నినాదం "నాకేం పట్టింది?" అన్నట్టు ఉండేది. దానికి ఎదురుగా ఆయన ఈ మాట రాయించారు. నీతి పాఠాలకు ఒక పీరియడు కేటాయించి, పుస్తకం కొనిపించి, దానికి కూడా పరీక్ష పెట్టి మార్కులు వేసే బడులు మనకు తెలుసు. బార్బియానాలో అలాంటి పీరియడు అక్కరలేకపోయింది. పక్కవాడికి అర్థం కాలేదని తెలిసి ఆగడమే అక్కడ నీతి పాఠం.

1962లో ఇటలీ ప్రభుత్వం అందరికీ ఒకే రకమైన మాధ్యమిక పాఠశాల అని చట్టం చేసింది. అయినా పేదల పిల్లలు తప్పుతూనే ఉన్నారు. అప్పుడు బార్బియానా పిల్లలు ఎనిమిది మంది కలిసి "ఒక ఉపాధ్యాయురాలికి లేఖ" అనే పుస్తకం రాశారు. తోచిన ప్రతి ఆలోచననూ ఒక్కొక్క చీటీ మీద రాసుకొని, చీటీలన్నీ బల్ల మీద పరచి, ఒకే విషయానివి ఒక కుప్పగా పేర్చి, అక్కరలేని మాటలు కొట్టేసి, కలిసి రాశారు. తప్పుతున్నది ఎవరి పిల్లలో లెక్కలు తీసి చూపించారు. ఎక్కువ మంది రైతుల, కూలీల పిల్లలే. ఆ పుస్తకం 1967 మేలో వెలువడింది. మరుసటి నెల 26న మిలానీ గారు కేన్సరుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 44. నా వయసూ ఇంచుమించు అంతే. అందుకేనేమో ఆ సంఖ్య నన్ను వదలలేదు.

దాదాపు అదే కాలంలో అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి మాటే మరో విధంగా చెబుతున్నారు. పాస్టరు కావాలని న్యూయార్కులోని వేదాంత కళాశాలలో చేరి, తరువాత దారి మార్చుకున్న మనిషి ఆయన. 1969లో విద్యను గురించి ఒక పుస్తకం రాశారు. ఉపాధ్యాయునికి మూడు గుణాలుండాలన్నది ఆయన బోధ. వేషం లేకుండా మనిషిలా ఉండాలి. పిల్లవాడిని మార్కులతో ముడిపెట్టకుండా ఆదరించాలి. వాడి చోట నిలబడి వాడి కష్టం గ్రహించాలి. మానవతా దృక్పథంతో బోధించడమంటే ముఖ్యంగా ఇదే.

"అయితే పిల్లలను గాలికి వదిలేయమంటారా?" అని మీరు అడగవచ్చు. కాదు. మిలానీ గారు చాలా కఠినుడు. ఆయన బడికి సెలవులు లేవు, ఆదివారం కూడా చదువే. ఆటలు కాలహరణమని ఆయన అభిప్రాయం. అందులో నేను ఆయనతో ఏకీభవించను, పిల్లలు ఆడుకోవాలి. కానీ ప్రేమ ఉన్నచోట క్రమశిక్షణ ఉండదనుకోవడం పొరపాటని ఆయనను చూస్తే తెలుస్తుంది.

మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు పిల్లలను అదే తరగతిలో ఆపకూడదన్నది. 2019లో దాన్ని సవరించి, 5, 8 తరగతుల్లో మళ్లీ పరీక్ష పెట్టినా తప్పితే ఆపే వీలు కల్పించారు. ఏది మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. నేర్పకుండా పై తరగతికి తోయడమూ, నేర్పకుండా అదే బల్ల మీద కూర్చోబెట్టడమూ రెండూ ఒకటే. రెంటిలోనూ "నాకేం పట్టింది?" అనే మాటే ఉంది.

ఇక మా కుర్రవాడి సంగతి. నేను వాళ్లింటికి మళ్లీ వెళ్లి క్షమించమని అడిగాను. సాయంత్రాలు మా ఇంటి వరండాలో పిల్లలను కూర్చోబెట్టడం మొదలుపెట్టాము. ఒకరోజు పాత ఆంప్లిఫయరు తెచ్చి, "బాబూ, ఎనిమిదో తరగతి వాళ్లకు కరెంటు పాఠం నువ్వు చెప్పు" అన్నాను. ముందు సిగ్గుపడ్డాడు. తరువాత మూత విప్పి గంటసేపు చెప్పాడు. మధ్యలో ఒక చిన్న పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు తెలియక, తానే సైన్సు పుస్తకం తెరిచి వెదికాడు. ఆ పుస్తకం వాడు ఇష్టంగా తెరవడం నేను చూడటం అదే మొదటిసారి. సప్లిమెంటరీలో సైన్సు, ఇంగ్లీషు పాసయ్యాడు. లెక్కలు ఇంకా మిగిలాయి. ఇంటరు చదువుతున్న ఒక అమ్మాయి ఇప్పుడు వాడికి లెక్కలు చెబుతోంది.

తల్లిదండ్రులారా, ఈ నెల మూడు పనులు చేసి చూడండి. బడి నుండి వచ్చిన బిడ్డను "ఎన్ని మార్కులు?" అని కాక "ఈ రోజు ఏది అర్థం కాలేదు?" అని అడగండి. మీ బిడ్డకు వచ్చినది తనకంటే చిన్నవారికి నేర్పించే అవకాశం ఇవ్వండి. పక్కింటి పిల్లవాడితో పోల్చే మాట ఒక్క నెల మానండి. సంఘ పెద్దలారా, బహుమతులు మానమని నేను అనను. పెన్నులు పంచేటప్పుడు ఆ వరుసలో ఎవరు లేరో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

తరువాతి సంవత్సరం ఫలితాల ఆదివారం మేము మార్కులు చదవలేదు. పరీక్ష రాసిన పిల్లలందరినీ పేరు పెట్టి పిలిచి, అందరికీ పెన్నులిచ్చి, అందరి కోసం ప్రార్థన చేశాము. ఆ తల్లి ఎప్పటిలాగే మూడో వరుసలో కూర్చొని ఉంది. మైకు చక్కగా పలికింది.