స్వల్ప వికిరణము - పసివారి మెదడు

వికిరణము, అనగా రేడియేషన్, అనగానే తెలుగు పాఠకునికి తుమ్మలపల్లె యురేనియం గనియో, కొవ్వాడలో తలపెట్టిన అణువిద్యుత్ కేంద్రమో స్ఫురించును. వానిపై చర్చ జరుగవలసినదే. కాని మచిలీపట్నము, గుడివాడ ప్రాంతముల గృహస్థునకు వికిరణము అంత దూరమునుండి రానక్కరలేదు. ఒకప్పుడు మహానగరములకే పరిమితమైన సి.టి. స్కాను నేడు జిల్లా పట్టణములకు వచ్చినది. మచిలీపట్నమున 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలయు వెలసినది. ఇది మేలే. అయితే పిల్లవాడు పడి తల బొప్పి కట్టగానే స్కాను తీయుడని పట్టుబట్టు తల్లిదండ్రులును ఏర్పడిరి. ఆ కొద్దిపాటి కిరణములు పసిమెదడునకు చేటు చేయునా?

దివిసీమ రైతుకు ఈ ప్రశ్నలోని చిక్కు సులభముగా బోధపడును. కాలువ చివరి పొలమున ఉప్పు పెచ్చుపెరిగినచో నారు మాడిపోవుట కంటికి కనిపించును. స్వల్పముగా చేరిన ఉప్పు ఎన్ని గింజలను తాలు చేసినదో తేల్చుట కష్టము.

పెద్ద మోతాదు సంగతిని ప్రపంచము 1945 ఆగస్టు తరువాత ఎరిగినది. హిరోషిమా, నాగసాకిలలో బాంబు పడిననాటికి తల్లిగర్భమున 8 నుండి 15 వారముల దశలోనున్న శిశువులలో బుద్ధిమాంద్యము అధికముగా కానవచ్చెను. మెదడు కణములు పుట్టి తమ తమ స్థానములకు వలసపోవు కాలమది.

అంతకంటె చిన్న మోతాదులకు స్వీడన్ దేశము సాక్ష్యమిచ్చినది. అచ్చట 1930-1959 నడుమ చర్మముపై రక్తనాళపు గడ్డలకు కిరణచికిత్స పొందిన మగశిశువుల తెలివితేటలను, వారు యువకులైన పిమ్మట సైనిక పరీక్షలలో కొలిచిరి. మెదడునకు 100 మిల్లీగ్రేలకు మించి సోకినవారిలో గ్రహణశక్తి తగ్గినట్లు 2004లో ప్రకటించిరి. తల స్కానులో మెదడునకు చేరునది సాధారణముగా కొన్ని పదుల మిల్లీగ్రేలే. కనుక ఒక్క స్కానుతో చదువు మందగించునని బెదరుటకు ఇది ఆధారము కాజాలదు.

కేన్సరు మాట వేరు. ఐరోపాలోని 9 దేశములలో 6.5 లక్షల మందికి పైబడిన పిల్లలను, యువకులను పరిశీలించి 2023లో వెల్లడించిన లెక్క ప్రకారము, తలకు ఒక్కసారి స్కాను తీయించుకొనిన పదివేల మందిలో, 5 నుండి 15 ఏండ్ల పిమ్మట ఒకరికి దానివలన మెదడు కేన్సరు రావచ్చును. పదివేలకు ఒకటి! పుర్రెలోపల నెత్తురు గడ్డకట్టిన బాలునికి ఇది లెక్కలోనిది కాదు. స్కాను మానుటయే అతనికి ప్రాణాపాయము. ఉత్త బొప్పికి మాత్రము ఆ ఒకటియు ఎక్కువే. (సెల్ టవరు వలదని అర్జీ పెట్టినవారే సి.టి. కావలెనని వైద్యుని వేడుకొనుట వింత. సెల్ తరంగములకు పరమాణువునుండి ఎలక్ట్రానును ఊడదీయు శక్తి లేదు, సి.టి. కిరణములకు కలదు.)

ఎవరికి అవసరమో తెలియుట ఎట్లు? అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లలను పరీక్షించి 2009లో ఒక పద్ధతి కుదిర్చిరి. స్పృహ తప్పుట, వాంతులు, ప్రవర్తనలో మార్పు, పుర్రె చిట్లిన గుర్తులు, ఎత్తునుండి పడుట వంటివి లేనిచో స్కాను లేకయే గడుపవచ్చునని తేలినది. బడిలో పిల్లవాడు పడినపుడు ఈ వివరములు చూచువారు ఉపాధ్యాయులే. పడిన వేళ, ఎంత ఎత్తునుండి పడెను, స్పృహ తప్పెనా, ఎన్ని వాంతులైనవి అను నాలుగు మాటలు చీటీపై వ్రాసి తండ్రి చేతికిచ్చినచో, ఆసుపత్రిలో వైద్యుడు మొదట అడుగునవి అవియే.