వంటయింటి ముచ్చటలు: చేప వేపుడునకు పూత

రావివలసనుండి ఒక సోదరి మాకు వ్రాసిన లేఖలో రెండు ప్రశ్నలు కలవు. శెనగపిండి జారుగా కలిపి, అందులో చేపముక్కలను ముంచి వేపినపుడు పూత ముక్కను వదలి నూనెలో వేరుగా తేలుచున్నదనియు, దానికి కారణమేమనియు మొదటి ప్రశ్న. ఇంట మామగారికి మూత్రపిండముల వ్యాధి యుండుటచే వైద్యులు ఉప్పు తగ్గింపుమన్నారనియు, ఆయనకొక వంట, తక్కినవారికొక వంట చేయక ఒకే వేపుడు అందరకు సరిపడునట్లు చేయు మార్గము కలదా యనియు రెండవది. ఈ రెంటికిని సమాధానము పూతయందే కలదని మా యభిప్రాయము. కావున ఈ మాసము ఆ విషయమునే ముచ్చటింతుము.

రావివలస యనగానే ఆరుబయట ఎండలో వెలసిన ఎండల మల్లికార్జునస్వామి జ్ఞప్తికి వచ్చును. కార్తీకమున స్వామి దర్శనమునకు జనులు తండోపతండములుగా వచ్చుదురు. ఆ మాసమున నీసు ముట్టని యిండ్లు అక్కడ అనేకములు. మాసము గడచిన పిదప పొయ్యిమీదికి మొదట వచ్చునది తరచుగా చేపయే. ఊరు సముద్రపుటొడ్డున లేకపోయినను సముద్రమునకు ఎంతో దూరము కాదు. భావనపాడు రేవున దిగిన చేప టెక్కలి పరిసరములకు అదే పూట చేరగలదు. ఇట్టి తాజా చేప దొరకుట గొప్ప భాగ్యము. పట్టణవాసులకు అది లేదు.

అయితే పూతను గూర్చి చెప్పుటకు ముందు చేపను గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. మంచి చేపకు పలుచని పూత చాలును. చెడిన చేపను ఎంత మందపు పూతయు బాగుచేయదు. కారము, మసాలా దట్టముగా పట్టించి ఎఱ్ఱగా వేపినచో వాసన అణగవచ్చును, రుచి మరుగుపడవచ్చును. అది పైన పటారము, లోన లొటారము. కానాగంతలు, కవళ్ళు, వంజరము మొదలగు చేపల విషయమున ఈ జాగ్రత్త మిక్కిలి ముఖ్యము. ఇవి పట్టిన వెంటనే చల్లదనమున ఉంచక ఎండలో గంటలకొలది ఉంచినచో, వాని మాంసములో సూక్ష్మజీవులు హిస్టమిను అను పదార్థమును పుట్టించును. అది పుట్టిన తరువాత ఉడికించినను, వేపినను, మంచులో పెట్టినను పోదు. అట్టి చేప తిన్న కొద్దిసేపటికే ముఖము ఎఱ్ఱబారుట, దురద, తలనొప్పి, వాంతులు కలుగవచ్చును. పైకి చేప చెడినట్లు కనబడకపోయినను ఈ విషముండవచ్చును. కావున మంచుగడ్డల నడుమ ఉంచిన చేపనే కొనవలెను. కన్ను నిగనిగలాడుచు ఉబ్బెత్తుగా ఉండవలెను. మొప్పలు ఎఱ్ఱగా ఉండవలెను. వ్రేలితో నొక్కిన గుంట వెంటనే పూడవలెను. ఇంటికి తెచ్చిన వెంటనే శుభ్రపరచి చల్లని చోట నుంచవలెను. బజారునుండి తెచ్చిన సంచిని వంటయింటి మూల దింపి వేరొక పనిలో పడుట మంచిది కాదు.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవలు వేటకు పోరాదను నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వానిని కాపాడుటకై ఈ యేర్పాటు. ఆ దినములలో సముద్రపు చేప అరుదగును. మంచులో నిలువచేసినవియు, చెరువులలో పెంచిన శీలావతి, బొచ్చె మొదలగునవియు ఎక్కువగా వచ్చును. ఎండలు ముదిరిన కాలము కూడ అదియే కనుక, కొనుటలో రెట్టింపు జాగ్రత్త అవసరము.

ఇక పూత చేయు పని యేమి? చేపమాంసము మిక్కిలి సుకుమారమైనది. కాగిన నూనె తిన్నగా తగిలినచో పైభాగము గట్టిపడి, లోని నీరు ఆవిరియై పోయి, ముక్క పీచువలె ఎండిపోవును. పూత యున్నచో నూనె వేడి మొదట పూతలోని నీటిని ఆవిరిచేయును. పూత ఎండి కరకరలాడు పొరగా ఏర్పడును. దాని లోపల చేప తన నీటితోనే మెత్తగా ఉడుకును. అనగా వేగునది పూత, ఉడుకునది చేప. ఈ సంగతి తెలిసినచో తక్కిన మెలకువలన్నియు వానియంతట అవియే తెలియును.

పూత ఊడిపోవుటకు కారణము కూడ ఇందే కలదు. ముక్కపైన తడి మిగిలియున్నచో, ఆ తడి నూనెవేడికి ఆవిరియై బయటికి వచ్చుటకు దారి వెదకును. పూతను ముక్కనుండి పైకి నెట్టివేయును. కావున కడిగిన ముక్కలను జల్లెడలో వాడ్చి, పొడిబట్టతో రెండువైపుల అద్ది తుడువవలెను. తరువాత పలుచగా పొడి బియ్యపుపిండి చల్లి, చేతితో దులిపి, అయిదు నిమిషములు ఆగి, అప్పుడు జారుపిండిలో ముంచవలెను. పొడిపిండి మిగిలిన తడిని పీల్చుకొని, జారుపిండికి పట్టు నిచ్చును. ఈ ఒక్క పని చేసినచో సోదరి మొదటి ప్రశ్న తీరినట్లే. పూత మరీ మందముగా నున్నను, నూనె చాలినంత కాగకున్నను, వేసిన వెంటనే అట్లకాడతో కదిపినను ఇదే కీడు కలుగును.

ఏ పిండి దేనికి పనికివచ్చునో తెలిసికొనుట మంచిది. బియ్యపుపిండి కరకరదనము నిచ్చును. నూనె తక్కువ పీల్చును. గోధుమపిండియందును, మైదాయందును సాగుడు గుణము కలదు. ఎక్కువగా కలిపినచో పూత తోలువలె సాగును. శెనగపిండి రంగును, కమ్మదనమును ఇచ్చును, ముక్కకు బాగుగా అంటుకొనును. కాని అది ఒక్కటే వాడినచో పూత మెత్తబడి బజ్జీవలె నుండును, చేప రుచి వెనుకబడును. బొంబాయిరవ్వ గరుకుదనము నిచ్చును. పలాస ప్రాంతపు సోదరీమణులకు చవుకగా దొరకు జీడినూకను దంచి కొద్దిగా కలిపినచో రుచి హెచ్చును. కాని జీడిపప్పు త్వరగా మాడును కనుక దానిని పెనముమీద సన్నసెగను వేపునపుడే వాడవలెను.

చేపనుబట్టి పూత మారవలెను. మూడు విధములు చెప్పెదము.

నెత్తళ్ళు, చిన్న కవళ్ళు మొదలగు సన్నచేపలకు జారుపిండి పనికిరాదు. అర కిలో చేపల తలలు తీసి, కడిగి, తుడిచి, అర చిన్న చెంచా పసుపు, ఒకటిన్నర చిన్న చెంచా కారము, ఒక చిన్న చెంచా నిమ్మరసము పట్టించవలెను. వేపుటకు ముందు రెండు పెద్ద చెంచాల బియ్యపుపిండి, తగినంత ఉప్పు చల్లి, పళ్ళెములో ఎగురవేసి, అధికమైన పిండిని దులిపివేయవలెను. మూకుడులో కొద్దికొద్దిగా వేసినచో రెండు మూడు నిమిషములలో గలగలలాడుచు వేగును.

చందువ, వంజరపు ముక్కలు, కానాగంతలు మొదలగు వానికి ముద్దపూత తగినది. అర కిలో ముక్కలకు ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అంగుళము అల్లము, ఒక చిన్న చెంచా ధనియాలు, అర చిన్న చెంచా జీలకర్ర మెత్తగా నూరి, రెండు చిన్న చెంచాల కారము, అర చిన్న చెంచా పసుపు, ఒక పెద్ద చెంచా నిమ్మరసము, రెండు పెద్ద చెంచాల బియ్యపుపిండి చేర్చి గట్టి ముద్దగా కలుపవలెను. నిండు చేపయైనచో రెండు ప్రక్కల ఏటవాలుగా గాట్లు పెట్టి అందులోనికి కూడ ముద్ద పట్టించవలెను. ఇరువది నిమిషములు ఆగిన చాలును. నిమ్మరసములో గంటలకొలది నానినచో ఆ పులుపుకే మాంసము గట్టిపడి విరిసిపోవును. పెనముమీద నూనె వేసి ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషములు వేపవలెను. అడుగు పొర గట్టిపడినపుడు ముక్క దానంతట అదే పెనమును వదలును, అంతవరకు త్రిప్పరాదు.

ముల్లు తీసిన పండుగప్ప ముక్కలవంటివి చిన్నపిల్లలకును, వృద్ధులకును మేలు. వీనికే జారుపిండి తగును. ఒక గిన్నెడు బియ్యపుపిండికి అర గిన్నెడు శెనగపిండి, ఒక చిన్న చెంచా కారము, నలిపిన వాము అర చిన్న చెంచా చేర్చి, మిక్కిలి చల్లని నీరు కొద్దికొద్దిగా పోయుచు కలుపవలెను. గరిటె వెనుక పలుచని పొరగా నిలిచిన పాకము సరియైనది. కలిపిన వెంటనే వాడవలెను. వంటసోడా అక్కరలేదు, అది పూతను ఉబ్బించి నూనెను పీల్చించును.

నూనె కాగుట 175 మొదలు 180 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నుండవలెను. ఉష్ణమాపకము లేనివారు ఒక చుక్క జారుపిండిని వేసి చూడవలెను. అడుగునకు పోయి అక్కడనే యున్నచో నూనె చాలినంత కాగలేదు. కొంచెము మునిగి వెంటనే పైకి తేలినచో సరియైనది. వేయగానే నల్లబడినచో అధికముగా కాగినది. ముక్కలన్నియు ఒక్కసారి క్రుమ్మరించినచో నూనె చల్లబడి పూత నూనెను త్రాగును. వేపిన ముక్కలను ఒకదానిపై నొకటి పేర్చక చిల్లుల పళ్ళెముమీద విడివిడిగా నుంచవలెను; లేనిచో ఆవిరికి క్రింది ముక్కలు మెత్తబడును. నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టుచున్న నూనెను మరల వాడరాదు.

ఇతరులు ఏమి చేయుదురో చూచినను ఈ నియమమే కనబడును. మన జిల్లా యెల్ల దాటి ఓఢ్రదేశమునకు పోయినచో పసుపు, ఉప్పు మాత్రమే పట్టించి ఆవనూనెలో వేపెదరు. దానిని మాఛ భజా యందురు. పంజాబుదేశపు అమృతసరమున నదుల చేపకు శెనగపిండి, వాము వాడెదరు. జపానువారి టెంపురా 16వ శతాబ్దమున పోర్చుగీసువారు తెచ్చిన వేపుడునుండి పుట్టినది. గోధుమపిండినే వాడినను వారు మంచువలె చల్లని నీటితో, ఉండలున్నను లెక్కచేయక, రెండు త్రిప్పులు మాత్రమే త్రిప్పెదరు. అందుచే సాగుడు గుణము పుట్టక పూత పొరవలె పలుచగా వచ్చును.

ఇక రెండవ ప్రశ్న. ఇది ఒక్క యింటి ప్రశ్న కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములతో కూడిన ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్లను పీడించుచున్నదో దేశమంతయు నెరుగును. 2023 డిసెంబరులో పలాసయందు ఈ వ్యాధికై పరిశోధనాలయముతో కూడిన 200 పడకల వైద్యశాల ప్రారంభమైనది. అట్టి ప్రాంతమున వంటయింటి ఉప్పుడబ్బా చిన్న వస్తువు కాదు. ఆరోగ్యవంతులకే దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, లోబడి ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. వ్యాధిగ్రస్తులు ఇంకను ఎంత జాగ్రత్తగా నుండవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

మన అలవాటేమనగా, ఉప్పు మొదట ముక్కకు పట్టింతుము, తరువాత పూతలో కలుపుదుము. ఈ క్రమమును మార్చిన చాలును. ముక్కకు పట్టించు ముద్దలో ఉప్పు వేయరాదు. వెల్లుల్లి, అల్లము, నిమ్మరసము, వాము, మిరియము ఆ లోటును చాలవరకు తీర్చును. పూతపిండి కలిపి, ఉప్పు వేయకముందే పెద్దవారి ముక్కలకు పూత పట్టించి, మొదటి వాయగా వేపి తీసి, తరువాత మిగిలిన పిండిలో ఉప్పు కలిపి తక్కినవారికి వేపవలెను. మూకుడు ఒకటే, ముద్ద ఒకటే, పంక్తియు ఒకటే. వైద్యులు కొంత ఉప్పునకు అనుజ్ఞ యిచ్చియున్నచో, ఆ కొలతను వేగిన ముక్కపైన మెత్తగా చల్లవలెను. పైనున్న ఉప్పు నాలుకకు ముందుగా తగులును కనుక చిటికెడే చాలును. లోపల కలిపినది అంతకంటె ఎక్కువయైనను తెలియదు.

మరికొన్ని సంగతులు మరువరాదు. శెనగపిండి, జీడిపప్పు, చింతపండులలో పొటాసియము ఎక్కువ. కనుక వారి పూతకు బియ్యపుపిండి, నిమ్మరసము మేలు. ఉప్పునకు బదులుగా అమ్ము తక్కువ సోడియపు ఉప్పులలో తరచుగా పొటాసియము చేర్చియుందురు. వైద్యుని అడుగక వానిని వాడుట అపాయకరము. వంటసోడాలోను, అంగటి మసాలా పొట్లములలోను కంటికి కనబడని సోడియము కలదు. చేపను కళ్ళుప్పుతో తోముట మన ఆచారము. తోమిన పిమ్మట మూడు నీళ్ళ కడుగవలెను. ఉప్పుచేప, ఎండుచేప వారి విస్తరిలో వడ్డింపరాదు. చేప ఎంత తినవచ్చుననుట కూడ వైద్యుడే నిర్ణయింపవలెను. రక్తశుద్ధి చేయించుకొనువారికిని, ఇంకను ఆ స్థితికి రానివారికిని మాంసకృత్తుల కొలత వేరువేరుగా నుండును.

వ్యాధిగ్రస్తునికి పథ్యముకంటె ఎక్కువ బాధ కలిగించునది, ఇంటివారందరు ఒకటి తినుచుండగా తాను వేరొకటి తినవలసివచ్చుట. ఆ బాధను తీర్చుటకు గృహిణికి ఖర్చు లేదు, అదనపు శ్రమయు లేదు. ఉప్పు వేయు సమయమును మార్చిన చాలును. రేవునుండి తాజాగా వచ్చిన చేపకు సముద్రమే కొంత రుచి నిచ్చి పంపినది. పలుచని పూతతో ఆ రుచిని కాపాడినచో మొదటి వాయ ముక్కలు చప్పనివని పంక్తిలో ఎవరును అనరు.