తుక్కుబొమ్మలు - కూరపాదులు

ఢిల్లీయందు సరాయి కాలేఖాన్ చెంత 2019 సంవత్సరమున అచ్చటి నగరపాలకులు రమారమి 150 టన్నుల పాతయినుముతో ప్రపంచాద్భుతముల ప్రతిరూపములను నిలిపిరి. పాఱవైచిన వస్తువునకును విలువ కలదని అవి నిరూపించినవి, సందేహము లేదు. కాని అచ్చట తాజమహలు రూపమును జూచినవానికి తాజమహలే జ్ఞప్తికి వచ్చును గాని, తన డాబాపై తోటకూర చల్లవలెనని తోచునా?

మన పురపాలక సంఘములు ఇట్టి ప్రదర్శనములను పెట్టదలచినచో, ఆ బొమ్మలయందే మన్ను నింపి, బీరపాదులు ప్రాకించి, కాయలు కాయించి చూపవలయును. పగిలిన పీపాయి బొమ్మకు బొజ్జయు, వంగమొక్కకు కుండియు కావచ్చును. (రంగులు, మందులు నిలువయుండిన డబ్బాలు మాత్రము కూడదు.)

అయినను కనువిందుతోనే పంట పండదు. 1991లో సోవియట్ రాజ్యము కూలి, చమురును ఎరువులును దిగుమతి కాక క్యూబా తల్లడిల్లినప్పుడు హవానా పౌరులు ఖాళీస్థలములలో కూరలు పండించిరి. వారిని పురికొల్పినది కొఱత. నిలిపినది ప్రభుత్వ మొసగిన భూమి. మన పట్టణములలో స్థలమెవరిది? నీరెవరిచ్చెదరు? పల్లెనుండి కూరలతో వచ్చిన సారము పట్టణపు చెత్తకుప్పలలో కుళ్లుచున్నది. దానిని ఎరువుచేసి, ప్రదర్శనము చూచిపోవు ప్రతి గృహస్థునకు గంపెడు చొప్పున ఈయవలయును. బొమ్మల వ్యయమును ప్రకటించునప్పుడే సంఘములు ఆ ఎరువు లెక్కయు ప్రకటించుగాక.