కట్‌లెట్‌లో కూరగాయ ఎంత?

వెజిటబుల్ కట్‌లెట్! పేరు వింటే చాలు... క్యారెట్, బీన్స్, బఠాణీ, బీట్‌రూట్, ఇలా రంగులన్నీ కళ్లముందు కదులుతాయి. తీరా తుంచి చూస్తే లోపలంతా తెల్లటి బంగాళాదుంప ముద్ద. అందులో అక్కడక్కడా మూడు బఠాణీ గింజలు. బేకరీలోనైనా, పెళ్లి విందులోనైనా చాలాచోట్ల ఇదే వరస. 'హమ్మయ్య, పిల్లాడి కడుపులో నాలుగు కూరముక్కలు పడ్డాయి' అని తల్లి సంబరపడుతుంది. నిజానికి పడింది దుంప, మైదా, నూనె.

అలాగని చేసినవాళ్లను తప్పుపట్టలేం. బంగాళాదుంప చవక. చెప్పినట్టు వింటుంది, ఏ ఆకారంలో ఒత్తితే ఆ ఆకారంలో ఉంటుంది. కూరగాయ పాళ్లు పెంచితే కట్‌లెట్ నూనెలో విడిపోతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లదీ ఇదే భయం. గంటసేపు తరిగి, ఉడికించి, ఒత్తి, తీరా మూకుట్లో వేశాక అవి ముక్కలు ముక్కలైతే ప్రాణం ఉసూరుమంటుంది. ఒకపక్క చుట్టాలు హాల్లో కూర్చుని ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. అందుకే రెండోసారి చేసేటప్పుడు మరో రెండు దుంపలు ఎక్కువేస్తారు. మూడోసారి ఇంకో రెండు. అలా అలా కూరగాయ మాయమైపోతుంది.

సగం దుంప, సగం కూరగాయ వేసినా విడిపోని కట్‌లెట్ చేయొచ్చా? నిక్షేపంలా చేయొచ్చు. కాకపోతే కాస్త కిటుకు తెలియాలి.

ఎముక పోయి దుంప వచ్చె...

ఇంతకీ కట్‌లెట్ పుట్టుకతో శాకాహారి కాదు. ఫ్రెంచి భాషలో 'కోత్‌లెత్' అంటే చిన్న పక్కటెముక. ఆ ఎముకతో సహా కోసిన మాంసం ముక్కే అసలు కట్‌లెట్. ఇంగ్లిషువాళ్ల వంటింటి నుంచి మన దేశంలోకి వచ్చింది. ఇక్కడికొచ్చాక ఎముక పోయింది. చాలాచోట్ల మాంసమూ పోయింది. బ్రెడ్ పొడి అద్ది వేయించే పద్ధతి, పేరు మాత్రం మిగిలాయి. మాంసం స్థానంలోకి వచ్చిన బంగాళాదుంపా మనది కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల పంట. పోర్చుగీసువాళ్ల ద్వారా మన తీరానికి చేరింది. మరాఠీలో దుంపను ఇప్పటికీ 'బటాటా' అనేది వాళ్ల మాటనుంచి వచ్చిందే.

ఊరు మారితే కట్‌లెట్ వేషమూ మారుతుంది. కోల్‌కతాలో దీన్ని 'వెజిటబుల్ చాప్' అంటారు. బీట్‌రూట్, క్యారెట్‌తోపాటు వేయించిన పల్లీలు పంటికి తగులుతుంటాయి. కేరళలో ఇండియన్ కాఫీ హౌస్ కట్‌లెట్‌ని తుంచితే ఎర్రగా ఉంటుంది. అదీ బీట్‌రూట్ మహిమే. కాఫీ బోర్డు తన హోటళ్లను మూసేస్తే, రోడ్డున పడిన కార్మికులు 1957లో బెంగళూరులో సహకార సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది త్రిసూర్‌లో కాఫీ హౌస్ తెరిచారు. ఢిల్లీవాళ్లు పెద్ద ఇనప పెనం మీద నెయ్యి వేసి ఆలూ టిక్కీని నింపాదిగా కాలుస్తారు. ముంబయిలో అదే టిక్కీ మీద ఉడికించిన బఠాణీ కూర పోసి 'రగడా ప్యాటిస్' అంటారు. 1996లో ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచిన మెక్‌డొనాల్డ్స్ సైతం మన నాలుకకు తలొగ్గి ఆలూ టిక్కీని బన్ను మధ్య పెట్టి అమ్మింది.

మన ఊళ్లలో పానీపూరీ బండి దగ్గర 'ఒక కట్‌లెట్' అంటే లెక్క వేరు. దాన్ని పెనం మీద వేసి నలిపి, బఠాణీ పోసి, ఉల్లిపాయలు, కొత్తిమీర చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. ఇక రైల్లో బ్రెడ్డు, వెన్న, కట్‌లెట్ తినని వాళ్లు అరుదు. అన్నట్టు ఉత్తరాదిలో చాలాచోట్ల 'ప్యాటీస్' అని అడిగితే పొరలు పొరలుగా ఉండే మన కర్రీపఫ్ చేతికిస్తారు. ప్రయాణాల్లో గుర్తుంచుకోండి.

అసలు శత్రువు నీళ్లు

కట్‌లెట్ ఎందుకు విడిపోతుంది? క్యారెట్, క్యాబేజీ, బీట్‌రూట్... వీటి బరువులో దాదాపు తొమ్మిది వంతులు నీళ్లే. కాగే నూనెలో పడగానే ఆ నీరు ఆవిరవుతుంది. బయటికి పోవడానికి దారి వెతుక్కుంటుంది. అప్పటికి పైన గట్టి పొర కట్టకపోతే ముద్దను చీల్చుకునే వస్తుంది. అంటే మనం గెలవాల్సింది నీళ్లమీద. కూరగాయను తగ్గించక్కర్లేదు, అందులోని తడిని తగ్గిస్తే చాలు.

దుంప సంగతీ చూడాలి. కొత్త దుంపల తోలు పల్చగా, గోటితో గీకితే ఊడొచ్చేలా ఉంటుంది. వాటిలో నీరెక్కువ, పిండి తక్కువ. వేపుడుకి బాగుంటాయి కానీ కట్‌లెట్‌కి పనికిరావు. తోలు మందంగా ఉన్న పాతవే తీసుకోండి. మొలకలొచ్చినవీ, పచ్చబారినవీ వద్దు. దుంపల్ని ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు. చలికి వాటిలోని పిండి చక్కెరగా మారుతుంది. అలాంటి కట్‌లెట్ లోపల వేడెక్కేలోపే పైన నల్లబడుతుంది.

ఏమేం కావాలి?

14 నుంచి 16 కట్‌లెట్లకు...

పాత బంగాళాదుంపలు: 400 గ్రా.
క్యారెట్: 150 గ్రా.
బీన్స్: 100 గ్రా.
పచ్చి బఠాణీ: 100 గ్రా.
బీట్‌రూట్: 50 గ్రా.
ఉల్లిపాయ: 1
పచ్చిమిర్చి: 3
అల్లం వెల్లుల్లి ముద్ద: 2 చెంచాలు
కొత్తిమీర: గుప్పెడు
గరం మసాలా, కారం, జీలకర్ర: చెంచా చొప్పున
నిమ్మరసం: 2 చెంచాలు
అటుకులు: అరకప్పు
మైదా: 3 పెద్ద చెంచాలు
బ్రెడ్ పొడి: కప్పు
ఉప్పు, నూనె: తగినంత

చూశారుగా, 400 గ్రాముల దుంపకి 400 గ్రాముల కూరగాయలు. సరిగ్గా సగం సగం.

చేసేదిలా...

దుంపల్ని తోలుతోనే, కోయకుండా ఉడికించండి. ముక్కలు చేసి ఉడికిస్తే నీళ్లు పీల్చుకుంటాయి. కుక్కర్లో అయితే నీళ్లలో మునిగేలా కాకుండా పైగిన్నెలో పెట్టడం మంచిది. మధ్యరకం దుంపలకు 3, 4 విజిల్స్ సరిపోతాయి. వేడిగా ఉండగానే తోలు తీసి, చేత్తోగానీ పప్పుగుత్తితోగానీ మెదపండి. మిక్సీ జోలికి మాత్రం పోవద్దు. బ్లేడు దెబ్బకు పిండి మొత్తం బయటికొచ్చి జిగురులా సాగుతుంది. మెదిపిన దుంపని పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. ఆవిరి పోతుంది, ముద్ద గట్టిపడుతుంది. వేడిమీద వత్తినవే ఎక్కువగా విడిపోతాయి.

ఇక కూరగాయలు. క్యారెట్, బీట్‌రూట్ తురమండి. బీన్స్ వీలైనంత సన్నగా తరగండి. పెద్ద ముక్కలుంటే కట్‌లెట్ అక్కడే పగుళ్లిస్తుంది. వీటిని ఉడికించి వార్చకండి. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి జీలకర్ర చిటపటలాడాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేయించండి. పచ్చివాసన పోయాక బీన్స్, బఠాణీ వేసి మూతపెట్టి అయిదు నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత క్యారెట్, బీట్‌రూట్, ఉప్పు వేయండి. ఉప్పు తగలగానే నీరు ఊరుతుంది. ఊరనివ్వండి. మూత తీసేసి మంట పెంచి ఆ నీరంతా ఇగిరిపోయేదాకా కలుపుతూ ఉండండి. అట్లకాడతో కూరను ఒకపక్కకి జరిపితే బాణలి అడుగు పొడిగా కనిపించాలి. అదీ గుర్తు. కట్‌లెట్ నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. తొందరపడితే ఆ తర్వాత ఎన్ని చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపినా లాభం ఉండదు.

కారం, గరం మసాలా వేసి దించి, బఠాణీలను గరిటెతో కాస్త నలపండి. చల్లారాక దుంపలో కలపండి. కొత్తిమీర, నిమ్మరసం చేర్చండి. అటుకుల్ని తడపకుండా పొడికొట్టి వేయండి. మిగిలిన కాస్త తేమనూ అవే పీల్చుకుంటాయి. బ్రెడ్ పొడి కలిపినట్టు పిండి రుచి రాదు. కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. తర్వాత చేతికి నూనె రాసుకుని అరంగుళం మందాన వత్తండి. అంచులు పగలకుండా వేలితో నునుపు చేయండి. మరీ మందంగా చేస్తే లోపల చల్లగానే ఉండిపోతాయి.

అద్దడంలోనూ పద్ధతుంది. మైదాలో చిటికెడు ఉప్పు, నీళ్లు పోసి దోసెల పిండికన్నా కాస్త పల్చగా కలపండి. కట్‌లెట్‌ని అందులో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కండి. ఎక్కడా ఖాళీ ఉండకూడదు. నీరు ఆవిరయ్యేలోపు గట్టిపడి లోపలి ముద్దను కాపాడే కవచం ఇదే. బ్రెడ్ పొడి లేదా? బొంబాయి రవ్వ, నలిపిన సేమియా కూడా బాగుంటాయి.

వేయించేటప్పుడు...

నూనె కాగిందో లేదో తెలియాలంటే చిన్న బ్రెడ్ ముక్క వేసి చూడండి. వెంటనే బుడగలతో పైకి తేలాలి, అలాగని క్షణంలో నల్లబడకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్లకు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్. నూనె చల్లగా ఉంటే కట్‌లెట్ నూనె తాగుతుంది, మెత్తబడి విడిపోతుంది. ఒకేసారి అన్నీ గుమ్మరించినా వేడి పడిపోయి అదే గతి. మూడు నాలుగు చొప్పున వేయండి. అడుగు గట్టిపడేదాకా కదపొద్దు. ఒక్కసారే తిప్పండి. గరిటె పెట్టి పదేపదే పొడిస్తే ఎంత మంచి కట్‌లెట్ అయినా ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

నూనె తగ్గించాలనుకుంటే మందపాటి పెనం మీద నాలుగైదు చెంచాలు వేసి మధ్యస్థమైన మంటమీద రెండువైపులా కాల్చండి. లోపలిదంతా ముందే ఉడికింది కాబట్టి పైపొర ఎర్రబడితే చాలు. ఎయిర్ ఫ్రయర్ ఉంటే కట్‌లెట్లకు నూనె పూసి 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు పెట్టండి, మధ్యలో ఒకసారి తిప్పండి.

ఇంట్లో చేసుకోవడానికి ఇంకో పెద్ద కారణం కూడా ఈ నూనే. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే అందులో పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెని వంటకి వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. బయట కొనే కట్‌లెట్ ఎన్నోసారి కాగిన నూనెలో వేగిందో మనకు తెలియదు. ఇంట్లో అయితే తెలుస్తుంది. రంగు మారి, చిక్కబడి, నురుగు కడుతున్న నూనెని మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి. వాడిన నూనెని వడకట్టి ఒకసారి పోపుల్లోకి వాడుకోవచ్చు గానీ, వారాల తరబడి సీసాలో దాచి మళ్లీ మూకుట్లో పోయొద్దు.

దుంప వద్దంటే?

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే బంగాళాదుంపని ఇంకా తగ్గించి, ఆ మేరకు ఉడికించిన సెనగలో, రాజ్మానో మెదిపి వేయండి. మాంసకృత్తులూ దొరుకుతాయి. జైనులు దుంపలు తినరు, వాళ్ల ఇళ్లలో అరటికాయతో కట్‌లెట్ చేస్తారు. మనకు అరటికాయ కొత్తా! తోలుతో ఉడికించి, చల్లారాక తురిమితే దుంపకన్నా గట్టిగా పట్టుకుంటుంది. కందతో చేయాలంటే చింతపండు నీళ్లలో ఉడికించండి, దురద ఉండదు. పాలకూర, బఠాణీ కలిపితే హరాభరా కబాబ్. పాలకూరను వేడినీళ్లలో ముంచి తీసి, గుడ్డలో కట్టి గట్టిగా పిండాలి. ఏ కూరయినా సూత్రం ఒకటే... తడి పోవాలి.

ఇవి గుర్తుంచుకోండి

* ముద్ద మొత్తం వత్తకముందే ఒక్కటి చేసి నూనెలో వేసి చూడండి. విడిపోతే మరో రెండు చెంచాల అటుకుల పొడి కలపండి. ఉప్పూ కారం సంగతీ తేలిపోతుంది.

* బ్రెడ్ పొడి బయట కొననక్కర్లేదు. మిగిలిన బ్రెడ్ ముక్కల్ని పెనం మీద కరకరలాడేలా కాల్చి మిక్సీలో వేస్తే సరి.

* బ్రెడ్ పొడి అద్దిన కట్‌లెట్లను పళ్లెంలో విడివిడిగా పెట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తర్వాత డబ్బాలో సర్దుకుంటే నెలరోజులుంటాయి. కరిగించకుండా నేరుగా నూనెలో వేసి, మంట కాస్త తగ్గించి వేయించాలి.

* వేయించినవాటిని పేపరు మీద ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు, ఆవిరికి మెత్తబడతాయి. జాలీ మీద ఉంచండి.

* పక్కన సాసే ఉండాలని లేదు. పుదీనా పచ్చడి, పెరుగులో నానిన ఉల్లిపాయ ముక్కలు ఇంకా బాగుంటాయి. మర్నాటికి మిగిలితే పెనం మీద వేడిచేసి రెండు చపాతీల మధ్య చుట్టి బాక్సులో పెట్టండి. సాయంత్రం బాక్సు ఖాళీగా ఇంటికి రాకపోతే అడగండి!