భద్రాచలం ఎంపీ సీటు ఏమైంది?

భద్రాచలానికి ఒకప్పుడు సొంత ఎంపీ ఉండేవారు. 1967 నుంచి 2009 దాకా ఇది ఎస్టీ రిజర్వ్‌డ్ లోక్‌సభ స్థానం. మొదట్లో కాంగ్రెస్ తరఫున రాధాబాయి ఆనందరావు, 1984లో సీపీఐ నుంచి సోడె రామయ్య గెలిచారు. 1999లో టీడీపీ, 2004లో సీపీఎం నుంచి మిడియం బాబూరావు. అంటే ఈ సీటు ఏ పార్టీకీ పట్టా భూమి కాలేదు.

2008 డీలిమిటేషన్‌లో సీటే పోయింది. భద్రాచలం, పినపాక, ఇల్లెందు మహబూబాబాద్ కిందికి వెళ్లాయి. కొత్తగూడెం, అశ్వారావుపేట ఖమ్మం కింద ఉన్నాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిశాయి. టౌన్ పక్కనే ఉన్న ఎటపాక ఇప్పుడు అరకు పరిధి. కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు పరిధి.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వరద ఒక్కటే. కానీ మునిగిన జనం గోడు చెప్పుకోవాల్సిన ఎంపీలు మాత్రం వేర్వేరు, రాష్ట్రాలూ రెండు. ఓటు చీలితే అడిగే గొంతూ చీలుతుంది.

ఇప్పుడు మళ్లీ డీలిమిటేషన్ మాట వినిపిస్తోంది. ముసాయిదా వచ్చాక అభ్యంతరాలు చెప్పుకునే గడువు ఉంటుంది. తుది ఉత్తర్వు వచ్చాక మార్పించడం చాలా కష్టం. గెలిచేది ఎవరన్న చర్చ తర్వాత చేసుకోవచ్చు. ముందు మన ఊరు ఏ సీటు కిందికి వెళ్తుందో చూసుకుందాం. మసీదు కమిటీలు, గిరిజన సంఘాలు, వ్యాపారులు కలిసి ఒకే అర్జీ పెడితే దానికి బరువు ఉంటుంది.