మార్లవాయిలో రెండు సమాధులు

మన ఇళ్ళలో భర్త గానీ తాతగారు గానీ ప్రభువునందు నిద్రించినప్పుడు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. ఆయన నిలబెట్టిన బడి గురించీ, తీర్చిన తగాదాల గురించీ పెద్దలు ఒక్కొక్కరే లేచి చెబుతారు. చివరకు ‘అమ్మగారు కూడా ఎంతో సహకరించారు’ అని ఒక మాట. భార్య వంతు అంతటితో సరి. ఈ వరస తిరగబడిన ఊరు ఒకటి మన పాత ఆదిలాబాదు జిల్లాలోనే ఉంది. అది జైనూరు మండలంలోని మార్లవాయి. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కిందికి వస్తుంది.

హైమన్‌డార్ఫ్ దొర పేరు చాలామంది వినే ఉంటారు. 1909లో వియన్నాలో పుట్టారు. 1938లో బెట్టీ ఎలిజబెత్ గారిని పెళ్ళి చేసుకున్నారు. మరుసటి సంవత్సరం యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నారు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. కనుక బ్రిటిష్‌వారు ఆయనను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, నైజాం సంస్థానం దాటి పోకూడదని కట్టడి చేశారు. అలా ముందు చెంచుల మధ్యకు, తరువాత గోండుల మధ్యకు వచ్చారు. వీరు మిషనరీలు కారు. మానవశాస్త్రం చదివినవారు.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం పోలీసుల కాల్పుల్లో చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నైజాం ప్రభుత్వానికి పట్టింది. హైమన్‌డార్ఫ్ చెప్పిన కారణం చాలా మామూలుది. రిజర్వు అడవి పేరిట దున్నుకునే నేల పోయింది. మిగిలిన నేలకు పట్టా లేదు. బయటినుంచి వచ్చినవారు కాగితాలు పుట్టించుకుని దానిని తమ పేర ఎక్కించుకున్నారు. తరువాతి సంవత్సరాలలో వేల గోండు కుటుంబాలకు పట్టాలు వచ్చాయంటే అందులో ఆయన నివేదికల పాత్ర పెద్దది.

నా మట్టుకు నాకు అంతకంటె గొప్పగా తోచేది బడి సంగతి. గోండి తెలిసిన పంతులు ఒక్కడూ లేడు. పట్నంనుంచి పంతులును తెస్తే పిల్లలకు అతని మాట అర్థం కాదు, అతనికి వాళ్ళ మాట అర్థం కాదు. అందుకని 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ముందు అక్షరాలు నేర్పి, వారినే పంతుళ్ళుగా తయారుచేసి ఊళ్ళకు పంపించారు. వాచకాలు కూడా గోండిలోనే వేయించారు. పంతులును వెదకడం మానేసి పంతులును తయారుచేశారన్నమాట! మన సండే స్కూళ్ళవారు కాస్త ఆలోచించవలసిన విషయం.

ఈ పనిలో బెట్టీ గారు దొరవెంట వచ్చిన దొరసాని మాత్రమే కాదు. మార్లవాయిలో మట్టిగోడల ఇంట్లో భర్తతో కాపురమున్నారు, పరిశోధనలో పాలుపంచుకున్నారు. వారి కొడుకును గోండులు లచ్చు పటేల్ అని తమ పేరుతో పిలుచుకున్నారు. 1979లో వచ్చిన గోండుల పుస్తకం మీద భర్త పేరుతోపాటు ఆమె పేరు కూడా అచ్చయింది. ఆ కాలపు పండితులలో ఎందరు భార్యకు ఆపాటి గౌరవమిచ్చారో మీరే చెప్పండి.

లండన్‌లో ఆచార్య పదవి విరమించాక 1976 తరువాత దంపతులు మళ్ళీ ఇక్కడికి వచ్చారు. ఆనాడు పలక పట్టిన యువకులు అప్పటికి తాతలయ్యే వయసులో ఉన్నారు. పట్టా వచ్చిన భూములు ఎన్నోచోట్ల మళ్ళీ చేజారుతున్నాయి. గిరిజనుల భూమి ఇతరులు కొనరాదని 1/70 చట్టం వచ్చి కొన్నేళ్ళయినా ఇదీ పరిస్థితి. ఆ బాధనే 1982లో ఇంకొక పుస్తకంగా రాశారు. ముసలితనంలో విశ్రాంతి తీసుకోవలసినవారు పాత ఫిర్యాదునే మళ్ళీ మొదటినుంచి రాయవలసి వచ్చింది.

1987 జనవరి 11న బెట్టీ గారు హైదరాబాదులో కన్నుమూశారు. సమాధి మార్లవాయిలో కట్టారు. నలభై తొమ్మిదేళ్ళ కాపురం. ఆ తరువాత ఎనిమిదేళ్ళు ఆయన ఒంటరిగా బతికి, 1995 జూన్ 11న లండన్‌లో పోయారు. 2012లో కొడుకు తండ్రి అస్థికలను మార్లవాయికి తెచ్చి తల్లి పక్కన ఉంచాడు. భార్య సమాధి వెలసిన పాతికేళ్ళకు భర్త ఆమె దగ్గరకు చేరాడు.

మార్లవాయిలో ఏటా ఇద్దరికీ కలిపి వర్ధంతి జరుపుతారు. చుట్టుపక్కల గూడేలవారు వస్తారు, సమాధుల మీద పూలు ఉంచుతారు. ఆయన పోయింది జూన్‌లో. కాని ఆ ఊరు ఆయనను తలచుకునేది జనవరి 11న, ఆమె పోయిన రోజున.