గ్యాసునకు గాలిని లెక్కించి యీయవలెను

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములందు కోళ్ల ఫారములు విస్తారముగ నున్నవి. వాని ఎరువునుండి గ్యాసు తీయుట లాభకరమైన పని. మనకు సమీపముననే బోయినపల్లి మార్కెట్టులో, హైదరాబాదు భారతీయ రసాయనిక సాంకేతిక సంస్థవారి పద్ధతిచే, కూరగాయల చెత్తనుండి గ్యాసును, విద్యుత్తును తీయు ఏర్పాటు జరిగినది. 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున దానిని ప్రశంసించిరి.

అయితే కోళ్ల దాణాలోని మాంసకృత్తులందు గంధకము కలదు. అది ఎరువుద్వారా గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడుగా చేరి ఇంజనులను, గొట్టములను తినివేయును. స్వల్పముగ నున్నపుడు కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టును. హెచ్చినపుడు ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. కావున వాసన లేదని ధైర్యముతో ఎవ్వరును గుంతలోనికి దిగరాదు, ప్రాణము పోవును.

దీనికి సులభమైన చికిత్స కలదు. గ్యాసు నిలుచు చోట కొంచెము గాలిని పంపినచో, తడిగోడలపై పెరుగు సూక్ష్మజీవులు సల్ఫైడును పచ్చని గంధకముగ మార్చును. గాలి ఎంత పంపవలెననునదే ప్రశ్న. రెండు పాళ్ల సల్ఫైడునకు ఒక పాలు ప్రాణవాయువు కావలెను. దినమునకు 100 ఘనపు మీటర్ల గ్యాసులో నూటికి 0.3 వంతు సల్ఫైడున్నచో, అది 300 లీటర్లు. దానికి 150 లీటర్ల ప్రాణవాయువు, అనగా సుమారు 715 లీటర్ల గాలి. ఇది కనీసపు లెక్క. ఆహారము తగ్గినకొలది సూక్ష్మజీవుల పని మందగించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ మొనో సూత్రము తెలుపుచున్నది. అందుచే వాడుకలో గ్యాసులో నూటికి 2 మొదలు 6 వంతులవరకు గాలి నిత్తురు. మితిమీరినచో గంధకామ్లము పుట్టును, గ్యాసు పలుచబడును. మరియు హెచ్చినచో ప్రేలుడు ప్రమాదము కలదు.

కావున పంపును ఒకసారి అమర్చి మరచుట తగదని మా అభిప్రాయము. చలికాలమున గ్యాసు సగమైనచో, అదే పంపు ఇచ్చు గాలి వంతు రెట్టింపగును. గ్యాసు తగ్గినపుడు గాలియు తగ్గవలెను. గ్యాసు నిలిచినపుడు పంపు నిలువవలెను.

ఒక్కొక్క రైతు కొలత పరికరమును కొనజాలడు. సంఘమువారు ఒకదానిని ఉమ్మడిగ కొని, దాణా మారినపుడును, ఋతువు మారినపుడును ప్రతి సభ్యుని గ్యాసును పరీక్షించి, పుస్తకమున వ్రాసి, గాలిని సవరింపవలెను. ఇంజను చెడిన పిదప చేయు ఖర్చుకంటె ముందు చేసిన లెక్క చౌక. తేరిన గంధకమును పారవేయ నక్కరలేదు. మడ్డితోకూడ వేరుసెనగ చేనికి తోలవచ్చును.